సక్కర్ చేప చేయని పని

అక్వేరియం అద్దాలకు నాచు పడుతోందని దుకాణంలో చెప్పి చూడండి. మచ్చల మచ్చల నల్లటి పిల్ల చేపను కవర్లో వేసి చేతికిస్తారు. "సక్కర్ వేయండి సార్, అద్దమంతా అదే నాకేస్తుంది." కొన్నాళ్లు నాకుతుంది, నిజమే. ఆ తర్వాత పైనుంచి పడే గుళికల రుచి మరుగుతుంది. వేలెడంత పిల్ల అడుగు దాటి పెరుగుతుంది. తినేదీ ఎక్కువే, విసర్జించేదీ ఎక్కువే. ఆ మలమే చివరికి నైట్రేటై నాచుకు ఎరువవుతుంది.

నాచుకు కావలసింది వెలుతురు, ఎరువు. మన ఇళ్లలో రెండింటికీ కొదవ లేదు. తొట్టెను కిటికీ ఎదురుగా పెడతాం. చుట్టాలొచ్చినా రాకున్నా రాత్రి దాకా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ తలా చిటికెడు మేత వేస్తారు. లైటుకు టైమర్ పెట్టి ఆరేడు గంటలకు కుదించాలి. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. ఇంతకు మించి మంత్రమేమీ లేదు. కాకపోతే తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లలోనే నైట్రేటు తాగునీటి పరిమితిని, అంటే లీటరుకు 45 మిల్లీగ్రాములను, దాటి ఉంటుంది. అవే పోస్తే ఎరువు తోడేసి మళ్లీ ఎరువు పోసినట్టే.

కొత్త తొట్టెలో కనిపించే గోధుమ రంగు పొరకు కంగారు పడక్కర్లేదు. అవి డయాటమ్‌లు, చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. నీలిపచ్చగా జిగటగా పరుచుకుని కంపు కొడుతుంటే మాత్రం అది నాచే కాదు, సయనోబ్యాక్టీరియా. దాని జోలికి సక్కర్ కూడా పోదు.

నేను ముందు అద్దాన్నే పాత ఏటీఎం కార్డుతో గీకుతాను. వెనక అద్దం మోలీ చేపలది. రోజంతా అక్కడే మేస్తుంటాయి. పోగు నాచైనా లేని తొట్టె నాకు ముచ్చటేయదు.

ఇక తొట్టెలో పట్టనంత పెరిగిన సక్కర్‌ను చాలామంది పుణ్యమనుకుని చెరువులో వదులుతారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపకు ఒళ్లంతా ఎముక పలకల కవచం. వలలో పడితే వల చిరుగుతుంది, అమ్ముదామంటే కొనేవాళ్లుండరు. పైగా గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. నీటిలోని డీఎన్‌ఏను పరీక్షించి తూర్పు కనుమల జలాశయాల్లో దీని జాడ పట్టారు హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పెద్ద తొట్టె ఉన్నవాళ్లకో, కొన్న దుకాణానికో ఇచ్చేయండి. డబ్బులు మాత్రం ఆశించకండి.