రెండో హ్యాండోవర్

ఉదయం ఏడున్నరకి వార్డులో రెండు రకాల మొహాలుంటాయి. రాత్రంతా మేలుకున్నవి, ఇంకా సరిగా మేలుకోనివి. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడి, అరగంటలో వార్డు మొత్తాన్ని చేతులు మార్చుకుంటాయి. "నాలుగో బెడ్డు, ఎనభై రెండేళ్లు, తుంటి ఆపరేషన్ అయి రెండో రోజు. రాత్రి రెండింటికి బీపీ పడిపోయింది, సెలైన్ పెట్టాం. అప్పట్నుంచి యూరిన్ తక్కువగా వస్తోంది. డాక్టర్‌కి చెప్పాను, వస్తానన్నాడు, రాలేదు. మళ్లీ చెప్పు." ఇదే హ్యాండోవర్. మందులివ్వడం, కట్లు కట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. నర్సు చెయ్యి తిరిగిందో లేదో తెలిసేది మాత్రం హ్యాండోవర్ ఇచ్చేటప్పుడే.

దీనికో పద్ధతి కూడా ఉంది, ఎస్‌బార్ అంటారు. ఇప్పుడేమైంది, వెనక సంగతేమిటి, నీకేమనిపిస్తోంది, ఏం చెయ్యాలి - ఈ నాలుగూ ఇదే వరసలో చెప్పాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతట, అక్కణ్నుంచి ఆస్పత్రుల్లోకి వచ్చింది. నీళ్లలో మునిగి పనిచేసేవాళ్ల పద్ధతి మాకు అతికినట్టు సరిపోవడంలో వింతేమీ లేదు.

నేను ఉత్తర ఇంగ్లండులోని ఈ ఊరికి 2016లో వచ్చాను. అంతకుముందు గుంటూరులో చదువు, హైదరాబాదులో ఉద్యోగం. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగులో ఆరున్నర దగ్గర రెండుసార్లు ఆగిపోయి, మూడోసారి ఏడు తెచ్చుకుని వచ్చాను. (నేను వచ్చిన రెండేళ్లకి, 2018లో, రైటింగుకి ఆరున్నర చాలన్నారు. ఆ ఫీజు డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.)

మూడో వారంలో ఒకరోజు దుప్పట్ల గదిలో షీట్లు తీసుకుంటుంటే వెనకాలే వచ్చి తలుపు దగ్గరగా వేసిందొకామె. వార్డంతా ఆమెను ఆంటీ అనేది. అమ్మానాన్నలది జమైకా, తను పుట్టిపెరిగింది ఇక్కడే. నాలుగైదేళ్లలో రిటైరవ్వాల్సిన మనిషి. "కాగితం మీది హ్యాండోవర్ ఇచ్చారుగా, ఇక నాది విను," అంది. డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడల్లా టైమూ పేరూ రాసుకో. సీనియర్లు అడిగితే 'అనుకుంటున్నాను' అనకు, 'చూశాను' అను. ఎవరైనా నీ మీద డాటిక్స్ వేస్తానంటే వణక్కు. మీటింగుకి రమ్మని ఉత్తరం వస్తే ఒక్కదానివే వెళ్లకు. నోటుపుస్తకం ఒకటి కొనుక్కో, అది ఆస్పత్రిలో పెట్టకు, ఇంట్లో పెట్టు.

డాటిక్స్ అంటే జరిగిన పొరపాటునో ప్రమాదాన్నో కంప్యూటర్లో నమోదు చేసే ఏర్పాటు. తప్పు ఎవరిదని కాకుండా ఎందుకు జరిగిందని తెలుసుకోడానికి పెట్టింది. ఏ ఆస్పత్రి క్యాంటీనులోనైనా పది నిమిషాలు కూచోండి, 'నీ మీద డాటిక్స్ వేస్తా' అన్న మాట వినబడుతుంది. మన ఊళ్లో పోలీసు కేసు పెడతానన్నట్టే.

ఆ రోజు ఆంటీ చెప్పినదాంట్లో సగం నాకు అర్థం కాలేదు. నేను అప్పటికింకా భాషతోనే తంటాలు పడుతున్నాను. ఎదురైన ప్రతివాళ్లూ 'ఆల్‌రైట్?' అంటే నా మొహం అంత పీక్కుపోయిందా అని బాత్రూములోకి వెళ్లి అద్దం చూసుకునేదాన్ని. అది ఇక్కడి పలకరింపని ఎవరో చెప్పేదాకా తెలియలేదు. ఓ ముసలావిడ నా చెయ్యి పట్టుకుని మొహమాటంగా 'స్పెండ్ ఎ పెన్నీ' అంది. ఏదో కొనుక్కోవాలేమోనని బీరువాలోంచి ఆవిడ హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్లో పెట్టాను. ఆవిడడిగింది బెడ్‌ప్యాను. పూర్వం ఇక్కడ వీధి మరుగుదొడ్లలో పెన్నీ వేస్తేనే తలుపు తెరుచుకునేదట, ఆ మాట అలా మిగిలిపోయింది. పక్క తడిశాక నాకు ఈ చరిత్ర తెలిసింది.

భాష సంగతి నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. నవ్వు రాని సంగతి మౌనం. గుంటూరులో నాకు నేర్పిందేమిటంటే, డాక్టరు రౌండ్సుకి వస్తే లేచి నిలబడాలి, అడిగితే చెప్పాలి, అడక్కపోతే ఊరుకోవాలి. పెద్దవాళ్లు కేకలేస్తే తల దించుకుని 'సారీ మేడమ్' అనాలి, తప్పు మనది కాకపోయినా సరే. అది మర్యాద. ఇక్కడ మాట్లాడని నర్సుని తెలియని నర్సు కింద లెక్కేస్తారు. సారీ అన్నావంటే ఒప్పుకున్నావని రాసుకుంటారు. ఏదన్నా జరిగితే స్టేట్‌మెంట్ రాయమంటారు. మనవాళ్లు మొదటి వాక్యంలోనే క్షమాపణ రాస్తారు. ఆ కాగితం ఫైల్లో పడ్డాక ఆ మర్యాదను ఎవరు తర్జుమా చేస్తారు? ఆంటీ నా మొదటి స్టేట్‌మెంట్ చదివి మూడుచోట్ల సారీ కొట్టేసింది. "జరిగింది రాయి. నీ బాధ నాకు చెప్పు, వాళ్లకొద్దు," అంది.

ఆమెకి ఇదంతా తల్లి దగ్గర్నుంచి వచ్చింది. 1948లో ఈ దేశంలో ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ ఆరోగ్య సేవ, మొదలైంది. మంచాలున్నాయి, మనుషులు లేరు. కరీబియన్ దీవుల నుంచి పడుచు పిల్లల్ని పిలిపించారు. అప్పట్లో నర్సు చదువు రెండు రకాలు. మూడేళ్లదైతే స్టేట్ రిజిస్టర్డ్ నర్సు, రెండేళ్లదైతే స్టేట్ ఎన్‌రోల్డ్ నర్సు. మొదటిదాంట్లో పైకి పోయే మెట్లుంటాయి, రెండోదాంట్లో ఉండవు. నల్లపిల్లల్లో చాలామందిని, అర్హత ఉన్నవాళ్లని కూడా, తేడా చెప్పకుండానే రెండోదాంట్లోకి నెట్టారు. ఆ పట్టా తిరిగి తమ దీవులకు తీసుకెళ్తే చెల్లదు కూడా. ఆంటీ తల్లికి ఆ తేడా తెలిసేసరికి చదువు సగమైపోయింది. చెప్పింది కూడా మేట్రన్ కాదు, హాస్టల్లో పక్కమంచం మీది ట్రినిడాడ్ అమ్మాయి. మా రెండో హ్యాండోవర్ వయసు అంత.

ఇవన్నీ దాటుకుని గయానా నుంచి వచ్చిన డాఫ్నీ స్టీల్ 1964లో యార్క్‌షైర్‌లోని ఇల్క్‌లీ అనే చిన్న ఊళ్లో మేట్రన్ అయ్యారు. ఎన్‌హెచ్‌ఎస్‌లో మొదటి నల్లజాతి మేట్రన్ ఆవిడే. అప్పటికి ఉద్యోగాల్లో రంగు చూడకూడదన్న చట్టమే లేదు, అది 1968లో వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే మేరీ సీకోల్. జమైకా మనిషి. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవ చేస్తానని 1854లో లండన్‌కి వచ్చి అడిగితే వద్దన్నారు. సొంత ఖర్చుతో వెళ్లి బలక్లావా దగ్గర బస కట్టుకుని పని చేసింది. ఆవిడ విగ్రహం 2016లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రి ఆవరణలో నిలబెట్టారు, ఎలిజబెత్ అనియోన్వు అనే నర్సు, మరికొందరు ఏళ్లతరబడి పోరాడితే. నైటింగేల్ తన నర్సుల బడి పెట్టింది కూడా ఆ ఆస్పత్రిలోనే. అక్కడ సీకోల్ విగ్రహమేమిటని అభ్యంతరం చెప్పినవాళ్లూ లేకపోలేదు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు వాన. గాలికి ఎదురు నడుస్తున్నట్టు మలిచారు. నర్సు బొమ్మ అంటే దీపం పట్టుకుని నిలబడ్డమే చూసిన కళ్లకి ఆ నడక నచ్చింది.

2015 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ ఏటా లెక్కలు తీస్తోంది, ఏ రంగువాళ్లకి ఉద్యోగంలో ఏం జరుగుతోందని. ఇంటర్వ్యూకి ఎంపికైనవాళ్లలో తెల్లవాళ్లకి ఉద్యోగం దొరికే అవకాశం మిగతావాళ్లకంటే ఒకటిన్నర రెట్లకు అటూఇటూగా ఉంటోంది. కొన్నేళ్లుగా ఆ అంకె పెద్దగా కదల్లేదు. క్రమశిక్షణ చర్యల తేడా మాత్రం తగ్గింది, అది ఒప్పుకోవాలి. అంకెలు లేకపోతే మా మాట పుకారుగా ఉండిపోయేది.

ఇక మాలో మేము. వార్డులో ఫిలిప్పీన్స్ వాళ్లు, కేరళవాళ్లు, నైజీరియా, జింబాబ్వే వాళ్లు, నేను. కేరళ పిల్లలు పెద్దదాన్ని చేచీ అంటారు, ఫిలిప్పీన్స్ పిల్లలు ఆతే అంటారు, రెండిటికీ అక్కా అనే అర్థం. ఇంగ్లీషులో ఇద్దరు నర్సుల మధ్య పనికొచ్చే ఇలాంటి మాట నాకు దొరకలేదు. 'కొలీగ్' అనే మాటకి రాత్రి రెండింటికి ఫోన్ చెయ్యలేం.

కానీ నన్ను చూడగానే అందరూ కేరళే అనుకుంటారు. కేరళవాళ్లు ఏడాదిపాటు మలయాళంలో పలకరించారు. కాదని తెలిశాక పలకరింపు తగ్గింది. వాళ్లకి సంఘముంది, చర్చి ఉంది, ఓణానికి సద్య విందు ఉంది. మా ఊళ్లో తెలుగువాళ్లంతా సాఫ్ట్‌వేరు. ఉగాదికి కలిస్తే 'మీవారేం చేస్తారండీ' అని అడిగి, నేను నర్సునంటే ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణం నాకు గుంటూరు నుంచీ పరిచయమే. అద్దె ఇంటికి వెళ్తే ముందు ఉద్యోగం, తర్వాత మతం, ఆ పైన అడక్కుండానే కులం లెక్కేసుకునే క్షణం అది. మన మిషన్ ఆస్పత్రుల నర్సుల్లో ఎంతమంది దళిత క్రైస్తవ ఇళ్లనుంచి వచ్చారో, ఒకరి మలమూత్రాలు ముట్టుకునే పనిని మన సమాజం ఎవరికి వదిలేసిందో తెలిసినవాళ్లకి నేను వివరించక్కర్లేదు. తక్కువగా చూడబడ్డం నేను ఇంగ్లండు వచ్చి నేర్చుకున్న విద్య కాదు.

తక్కువగా చూడ్డం కూడా. హైదరాబాదులో మా వార్డులో ఒక మణిపురి అమ్మాయి ఉండేది. ఆమె తెలుగు మాకు వినోదం. పేరు పలకడం కష్టమని మేమే ఇంకో పేరు పెట్టాం, నేపాల్ వాళ్లని పిలిచే పేరు. నైట్లు ఎక్కువ ఆమెకే పడేవి, ఆమె అడిగేది కాదు, మేం చెప్పేవాళ్లం కాదు. ఫలానా సర్జన్‌కి ఫోన్ చేసేముందు పొటాషియం చూసి పెట్టుకోవాలని మా అందరికీ తెలుసు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. రౌండ్సులో అందరిముందూ తిట్లు తింది. నేను అక్కడే ఫైలు చూస్తున్నట్టు నిలబడ్డాను. 2020 మేలో కోల్‌కతా ప్రైవేటు ఆస్పత్రుల్లోంచి మణిపురి నర్సులు మూకుమ్మడిగా రాజీనామాలిచ్చి ఇంటికి వెళ్లిపోయారని, చెప్పిన కారణాల్లో జాతి వివక్ష ఒకటని చదివినప్పుడు ఆ ఫైలు నాకు గుర్తొచ్చింది.

కేరళవాళ్ల మీద నా సణుగుడు కూడా చివరికి నిలవలేదు. సౌత్‌పోర్ట్ అనే ఊళ్లో జరిగిన హత్యల తర్వాత 2024 ఆగస్టులో ఇక్కడ వలసవాళ్ల మీద అల్లర్లు చెలరేగాయి. సండర్లాండులో అత్యవసర డ్యూటీకి వెళ్తున్న ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సుల మీద దాడి జరిగిందని తెలిసిన రాత్రి, మా వార్డు చేచి ఒకామె వాట్సాప్ గ్రూపు తెరిచింది. ఎవరి డ్యూటీ ఎన్నింటికి దిగుతుంది, ఎవరికి కారుంది, ఎవరు ఏ వీధి. యూనిఫాం పైన కోటు తొడుక్కోండి, బ్యాడ్జి లోపల పెట్టుకోండి. రాత్రి ఎనిమిదికి నలుగురం ఒకే కారులో ఇరుక్కుని వెళ్లేవాళ్లం. చుట్టుదారి అయినా ముందు నన్ను దింపేవారు, మా ఇల్లు ఊరి మధ్యలో ఉంది కాబట్టి. ఆస్పత్రి పెద్దల ఈమెయిలు కూడా వచ్చింది, మీ క్షేమమే మాకు ముఖ్యమని. దాంట్లో కారు లేదు. అదే ఏడాది చివర్లో, కేరళలో చదివి 2011లో ఇక్కడికి వచ్చిన బిజోయ్ సెబాస్టియన్ మా నర్సుల యూనియన్ రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్‌కి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. నేనూ ఓటేశాను. చేచి నాకు పాయసం పంపింది.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం. రెండో హ్యాండోవర్‌లో భయం కూడా చేతులు మారుతుంది. ఫలానా సిస్టర్‌కి మనలాంటివాళ్లంటే గిట్టదు, దూరంగా ఉండమని నాకెవరో చెప్పారు. ఆంటీ కాదు, ఇంకొకరు. రెండేళ్లు ఆవిణ్ని ఒక్క సందేహం అడగలేదు. తీరా పైమెట్టు ఉద్యోగమైన బ్యాండ్ సిక్స్ ఇంటర్వ్యూకి దరఖాస్తు చెయ్యమని ఫారం తెచ్చి ఇచ్చింది ఆవిడే. నాకు అలా చెప్పినవాళ్లకి ఆవిడతో నిజంగానే ఏదో జరిగుండొచ్చు. అందుకే ఇప్పుడు నేను మనుషుల పేర్లు చెప్పను. పద్ధతులే చెప్తాను.

పోయిన నెల ఖమ్మం అమ్మాయి ఒకతి మా వార్డుకి వచ్చింది. పార్కిన్సన్స్ రోగికి ఎనిమిదింటికి ఇవ్వాల్సిన మాత్ర తొమ్మిదిన్నరకి ఇచ్చింది. ఆ మందు ఆలస్యమైతే ఒళ్లు బిగుసుకుపోతుంది, మింగలేరు, కదల్లేరు. చిన్న తప్పు కాదు. అదే వారం ఇంకో నర్సు, ఇక్కడి అమ్మాయే, అదే మందు అంతే ఆలస్యంగా ఇచ్చింది. ఆమెతో కారిడార్లో మాట్లాడారు. ఈమెకి ఉత్తరం వచ్చింది. "అక్కా, మీరొస్తరా?" అనడిగింది.

1999 నాటి చట్టం ప్రకారం అలాంటి మీటింగుకి యూనియన్ మనిషినిగానీ, తోటి ఉద్యోగినిగానీ వెంట తెచ్చుకోవచ్చు. యూనియన్‌లో ఈ అమ్మాయి ఇంకా చేరలేదు, జీతంలో కోత అని. వెంట వెళ్లేవాళ్లు మాట్లాడొచ్చు, నోట్సు రాసుకోవచ్చు. ఆమెను అడిగిన ప్రశ్నకి మాత్రం ఆమె బదులు జవాబు చెప్పకూడదు. నాకు కష్టమైన పని అదే. మీటింగు గురువారం మధ్యాహ్నం రెండింటికి. నా డే డ్యూటీ మా వార్డు ఆతేకి ఇచ్చి నేను నైటు తీసుకున్నాను. ఆ అమ్మాయి స్టేట్‌మెంట్ రాసి తెచ్చింది, నాలుగు సారీలున్నాయి. మూడు కొట్టేశాను. నాలుగోది ఆ రోగికి చెప్పింది, అది ఉంచాను.