ధీమాకు ఒక కొలత

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మెదడు, వెన్నుపాముల్లోని నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను మన రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తుంది. నిన్న చకచకా ఎక్కిన మెట్లు ఇవాళ కొండలవుతాయి. నరాల వైద్యులు వాడే ఈడీఎస్ఎస్ స్కోరు 0 నుంచి 10 వరకు వైకల్యాన్ని చెబుతుంది. 4 దాటాక అందులో నడకదే పెత్తనం. ఈ జబ్బుతో రోజు నెట్టుకురాగలనన్న ధీమా మనిషిలో ఎంత మిగిలిందో అందులో కనిపించదు.

దాన్ని పట్టుకోవాలనే కారొలిన్ ష్వార్ట్జ్ బృందం 1996లో 18 ప్రశ్నల స్కేలు తెచ్చింది. తొమ్మిది రోజువారీ పనుల గురించి, తొమ్మిది జబ్బు మీద పట్టు గురించి. ఒక్కోదానికి ఎంత నమ్మకమో 10 నుంచి 100 వరకు గుర్తు పెట్టాలి. దీనికి ఆధారం, ‘చేయగలను’ అన్న నమ్మకం గురించి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లో చెప్పిన సిద్ధాంతం. నమూనా, కేట్ లోరిగ్ బృందం 1989లో కీళ్లవాతం రోగుల కోసం చేసిన స్కేలు.

లోరిగ్ ప్రశ్నల చెక్కుడు చూడండి. వరుసగా మూడు గుండీలు 12 సెకన్లలో పెట్టి తీయగలనని మీకెంత నమ్మకం? ఊరికే ‘గుండీలు పెట్టుకోగలరా’ అంటే ఎవరైనా మొహమాటానికి ‘ఆ’ అనేస్తారు. 12 సెకన్లు అనేసరికి చూపు వేళ్ల మీదికి పోతుంది. జవాబిచ్చే ముందే మనసులో ఒకసారి ఆ గుండీలు పెట్టి చూసుకుంటారు. ‘చేస్తారా’ అని అడిగితే వచ్చేది ఉద్దేశం, ‘చేయగలరా’ అంటేనే నమ్మకం బయటపడుతుందన్నది బాండూరా పట్టుదల. ఆ నియమం ఇక్కడ ఎక్కడా సడలలేదు. (కత్తీ ఫోర్కుతో మాంసం ముక్కలు కోయడం గురించి కూడా ఓ ప్రశ్న ఉంది. చేత్తో కలుపుకు తినే మన ఇళ్లలో దాని బదులు వేరే పని వెతుక్కోవాల్సిందే.)

ష్వార్ట్జ్ స్కేలులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రెండు భాగాలనూ విడదీయడం. చక్రాల కుర్చీలో ఉన్నావిడకు పనుల భాగంలో మార్కులు అడుగున ఉండవచ్చు. అలసటను అదుపులో పెట్టుకోవడం, ఇంటివాళ్లతో గడిపే సమయాన్ని జబ్బు పాలు కానివ్వకపోవడం దగ్గరికొచ్చేసరికి ఆవిడే 90 గుర్తు పెట్టవచ్చు. రెండూ కలిపేస్తే ఆవిడ ఎవరో మనకు తెలియకుండా పోతుంది.

లోపమూ ఉంది. నడవలేని మనిషి నడక ప్రశ్నకు నిజాయితీగా 10 పెడితే అది అధైర్యం కాదు, శరీరం మాట. ఆ భాగంలో నమ్మకమూ వైకల్యమూ కలిసిపోతాయి. బ్రిటన్‌లో యంగ్ బృందం 2012లో తెచ్చిన యూజ్-ఎంఎస్ ఇంకో దారి పట్టింది: 12 వాక్యాలు, 0 నుంచి 36 వరకు ఒకటే స్కోరు. డెన్మార్క్ గణితజ్ఞుడు రాష్ పద్ధతిలో ప్రతి వాక్యాన్నీ పరీక్షించి మరీ నిలబెట్టారు. పరిశోధనకు అదే నిక్కమైన కొలబద్ద. అయినా రోగి ఎదురుగా కూర్చున్న ఫిజియోథెరపిస్టుకు నేనైతే పాతదే ఇస్తాను. కొత్తగా జబ్బు బయటపడి, ఇంకా బాగానే నడుస్తూ, పట్టు భాగంలో మాత్రం 20లు, 30లు పెట్టినవాళ్లు అందులో వెంటనే తెలిసిపోతారు. వాళ్లకు ముందు కావలసింది కాళ్ల వ్యాయామం కాదు, అలసటను ఎలా సర్దుకోవాలో నేర్పే మనిషి.