నలభై రెండో రోజు

మొన్న ప్రొద్దుటూరు బస్టాండులో ఒక కరపత్రం చేతికొచ్చింది. తాగుడు మాన్పించే పొడి, మజ్జిగలో కలిపి మనిషికి తెలియకుండా ఇవ్వొచ్చునట. ఒళ్లు మండింది. అందులో ఏముందో ఒక్క ముక్క రాయలేదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్ర ఒంట్లో ఉండగా మందు తాగితే గుండె దడ, వాంతులు వస్తాయి, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే దాన్ని రోగికి చెప్పి, ఒప్పించి ఇస్తారు. "రుజువేదీ?" అని ఈ శీర్షికలో నేను అడగని వారం లేదు. ఈ వారమూ అదే రాద్దామని కూర్చున్నా.

అంతలో మా మేనమామ గుర్తొచ్చాడు. జమ్మలమడుగులో బేల్దారి. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తే నలభై ఒక్క రోజులు చుక్క ముట్టేవాడు కాదు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన. నల్లబట్టలు చూసి పాత సావాసగాళ్లు పక్కకు తొలిగేవాళ్లు. ఊరంతా 'సామీ' అనేది. మాల తీసిన వారానికే మళ్లీ బ్రాందీ షాపు ముందుండేవాడు.

ఒక ఏడు మాల వేసిన మూడో రోజు చేతులు వణికి, లేని మనుషులతో మాట్లాడాడు. స్వామి పూనాడన్నారు. ఆస్పత్రికి తీసుకుపోయినాం. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఇట్లా కావచ్చని చెప్పి డాక్టరమ్మ బీ1 ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మాత్రలు ఇచ్చి, రాత్రంతా కనిపెట్టుకుని బతికించింది. "మానేముందే తోలుకొచ్చింటే ఇంతదూరం వచ్చేది కాదు కదబ్బీ" అంది నాతో.

డిశ్చార్జి అయ్యాక ఆ ఆస్పత్రి నుంచి ఎవరూ ఎట్లున్నావని అడగలేదు. ఆయనకు మాల వేసిన గురుస్వామి మాత్రం మాల తీసేదాకా రోజూ ఇంటికొచ్చాడు.

గోవాలో తాగుడు మరీ ముదరని 377 మంది మగవాళ్లతో చేసిన పరీక్ష 2017లో లాన్సెట్‌లో వచ్చింది. డాక్టర్లు కాని మామూలు మనుషులే శిక్షణ పొంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నాలుగు విడతల దాకా వాళ్లతో కూర్చుని మాట్లాడారు. మూడు నెలలకు మామూలు వైద్యంతో నూటికి 26 మంది తేరుకుంటే, వీళ్ల దగ్గర 36 మంది తేరుకున్నారు. రుజువంటే మాత్రలోనే ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నా. మా మామ ఇంటి అరుగు మీద గురుస్వామి కూర్చున్న ఆ సాయంత్రాలను లెక్కలోకే తీసుకోలేదు.

మాల వేసే రోజుల్లో గుడి దగ్గర ఒక నర్సు కూర్చుని, "రోజుకెంత తాగుతావు, పొద్దున్నే చేతులు వణుకుతాయా" అని అడిగితే చాలు, ఎవర్ని ముందు ఆస్పత్రికి పంపాలో తేలిపోతుంది. పులివెందులలో నాకు తెలిసిన ఒక గురుస్వామికి ఈ మాట చెప్పాను.

"నర్సమ్మను మీరు పిల్చుకురాండి సామీ. నలభై రెండో రోజు వాళ్ల ఇండ్లకు నేను పోతా" అన్నాడు.