పాల శుద్ధి, కుల శుద్ధి

హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో తల్లిపాల బ్యాంకు పెట్టారు. పేరు ధాత్రి. పెట్టినవాళ్ల ఉద్దేశాన్ని మేం శంకించడం లేదు. కానీ ఆ మాట వెనక ఏముందో చూడాలి. చరక సంహితలో పరాయి బిడ్డకు పాలిచ్చే దాది పేరు ధాత్రి. ఆమెకుండాల్సిన లక్షణాల చిట్టా అందులో ఉంది. జబ్బు ఉండగూడదన్నారు, అది సరే. దానికన్నా ముందు రాసింది, ఆమె సమాన వర్ణం మనిషి అయ్యుండాలని! పాల మంచిచెడ్డల్ని కులంతో కొలిచారన్నమాట.

ఇవాళ బ్యాంకు కొలత వేరు. దాత రక్తానికి హెచ్ఐవి, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలుంచి, వెంటనే చల్లార్చి, సూక్ష్మజీవులు మిగిలాయేమో చూసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర నిలవ చేస్తారు. చాలాచోట్ల కొందరు తల్లుల పాలు కలిపే వేడిచేస్తారు. ఏ చుక్క ఏ పేటదో ఎవరు చెప్పగలరు?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. తెనాలి నుంచి బాపట్ల పోయే రైలుదారిలోనే చుండూరు ఉంది. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా ముదిరి, 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కాలు తగిలితే ఓర్వని కులం పాలు కలిస్తే ఓరుస్తుందా? తన బిడ్డ కిలోన్నర కూడా లేదని డాక్టరు చెప్పాక ఓరుస్తుందనే మా అనుమానం.

మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. "పేటలో పక్కింటి బాలింత పాలు పట్టేది, ఈ పరీక్షలెందుకు" అనేవాళ్లున్నారు. ఆ ఆప్యాయతను తక్కువ చేయం. కానీ హెచ్ఐవి పాల ద్వారా సోకుతుంది. నెలలు తక్కువ బిడ్డకు పరీక్ష లేని పచ్చిపాలు ప్రమాదం. అట్లాగని డబ్బా పాలు పడితే పేగులు కుళ్లే జబ్బు ముప్పు ఎక్కువ. దాత పాలతో ఆ ముప్పు తగ్గుతుంది. 32 వారాల లోపు పుట్టినవాళ్లకు, కిలోన్నర లోపు వాళ్లకు, సొంత తల్లి పాలు అందనప్పుడు దాత పాలు ఇవ్వడం ఆలోచించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

మా అసలు తగువు ఆ "అందనప్పుడు" దగ్గరే. ఎందుకందవు? రేపల్లె వైపు కూలితల్లి ఒకామె కాన్పయి అక్కడే మంచం మీద ఉంటుంది, బిడ్డను అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపుతారు. పాలున్నా చేరవు. వేడికి పాలలోని రక్షణ శక్తి కొంత పోతుంది కాబట్టి దాత పాలు ఎప్పుడూ రెండోవే. 2017 కేంద్ర మార్గదర్శకాలు కూడా పాల కేంద్రం ముందుగా తల్లికి తన పాలు తన బిడ్డకివ్వడానికి సాయపడాలన్నాయి. తల్లికి బిడ్డ పక్కన మంచం, కూడు, పాలు పిండుకునే చాటు ఇవ్వకుండా సీసాల లెక్క చూపిస్తే మనం ఒప్పుకోగూడదు.

ఇంకో సంగతి. వలసపాలనలో తెల్లదొరల బిడ్డలకు జీతానికి పాలిచ్చింది పేద తల్లులు. వాళ్ల సొంత బిడ్డలు ఏం తాగారో ఎవరూ పట్టించుకోలేదు. తల్లిపాలు అమ్మడానికి చట్టం ఒప్పుకోదని ఆహార భద్రతా సంస్థ 2024 మేలో చెప్పాల్సి వచ్చిందంటే, కొనే చేతులు ఇప్పటికీ ఉన్నాయనే.