మాటు పడే ఇత్తడి, మాట పడే ప్లాస్టిక్

ఎల్బీనగర్ కూడలిలో విజయవాడ రోడ్డు పట్టుకుని వనస్థలిపురం దాటితే ఆటోనగర్. అక్కడ లారీలదే రాజ్యం. వెనక్కి తిరిగి చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వస్తే, మెట్రో స్తంభాలకు అటూ ఇటూ ఉన్న సందుల్లో కార్ల షెడ్లు. మధ్య దూరం పది కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా రేడియేటర్ విషయానికొచ్చేసరికి ఇవి రెండు వేర్వేరు సంప్రదాయాలు. పాత లారీకి ఇత్తడి ట్యాంకు, రాగి రెక్కలు. చిన్న కారుకు మాత్రం అల్యూమినియం జల్లెడ, దాని రెండు కొసలకూ నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులు.

ఇత్తడి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చిల్లుపడ్డ బిందెకు మాటు వేయించిన ఇల్లు, కళాయి పూసేవాడు వీధిలో కొలిమి పెడితే గిన్నెలు మోసుకెళ్లిన బాల్యం మనలో చాలామందివే. లారీ రేడియేటర్ పని దానికి పెద్దన్న. కారుతున్న చోటంతా గీకి, ఆమ్లం రాసి, మంట చూపించి, తగరం సీసం కలిసిన కడ్డీ తాకిస్తే సుమారు 190 డిగ్రీలకే అది కరిగి అతుకులోకి పాకుతుంది. ఇత్తడి కరగాలంటే 900 దాటాలి. మాటు వేసేవాడి బతుకంతా ఆ తేడాలోనే ఉంది. చెయ్యి కాస్త తడబడినా ఇత్తడి సర్దుకుంటుంది. పైగా తన జబ్బు ముందే చెబుతుంది: అతుకు దగ్గర పచ్చటి మరక, తర్వాత చెమ్మ, ఆ తర్వాతే చుక్క.

ప్లాస్టిక్‌కు ఆ అలవాటు లేదు. నిన్నటిదాకా నిక్షేపంగా ఉండి, సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్‌గేటు దగ్గర ఫెళ్లుమంటుంది. అందరూ ‘ఏముంది, ప్లాస్టిక్కే కదా’ అనేస్తారు. నిజానికది 30 శాతం దాకా గాజు పీచు కలిపిన నైలాన్ 66. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ తయారుచేసిన నైలాన్ ఇదే. దీని కథలో నాకు నచ్చే విషయం ఒకటుంది. నైలాన్ గొలుసు ముడిపడుతున్నప్పుడు నీరు బయటికి పోతుంది. ఏళ్ల తరబడి వేడి కూలెంట్‌లో నానితే ఆ నీరే తిరిగొచ్చి ముడులు విప్పుతుంది. మూత బిగించిన రేడియేటర్లో ఒత్తిడి బయటికంటే ఒక బార్ దాకా ఎక్కువ. అందుకే లోపలి నీళ్లు 120 డిగ్రీలకు గానీ మరగవు. అంత వేడిలో, అంత ఒత్తిడిలో పదేళ్లు నిలబడినదాన్ని నాసిరకం అనడం న్యాయం కాదు. అలాగే ఇత్తడిని పాతకాలపు మొద్దు సరుకు అనడమూ న్యాయం కాదు. వేడిని మోయడంలో అల్యూమినియం కంటే రాగే మేటి. బరువులో మాత్రం అల్యూమినియం రాగికి మూడోవంతే.

తేడా అంతా విరిగాక చేసే పనిలో ఉంది. ఇత్తడి పనివాడి నేర్పు అతకడంలో ఉంటే, ప్లాస్టిక్ పనివాడి నేర్పు ఊడదీయడంలో ఉంది. నాకు ఈ జ్ఞానం కొంచెం ఖరీదుగానే అబ్బింది. ఓ ఆదివారం హోస్ పైపు నేనే మారుద్దామని క్లిప్పు వదులుచేసి బలంగా లాగాను. పైపు వచ్చింది, లోపల రేడియేటర్ మూతితో సహా. షెడ్డు ఉస్తాద్ చూసి తిట్టలేదు, ‘లాగారా సార్?’ అని మాత్రం అడిగాడు. పాత హోస్‌ను లాగకూడదట. ముందు కొద్దిగా తిప్పి అంటు వదిలించాలి, అప్పటికీ రాకపోతే బ్లేడుతో నిలువునా కోసేయాలి. రబ్బరు పోతే పోయింది, మూతి మిగులుతుంది.

తర్వాత అతను చేసిన పని ఇంకా బాగుంది. పైపులోంచి ముక్కలన్నీ ఏరి, పాత పేపరు మీద పేర్చి, పగిలిన గాజు ముక్కలు కలిపినట్టు మూతిని మళ్లీ నిలబెట్టాడు. అతికించడానికి కాదు, లెక్క సరిపోయిందో లేదో చూడటానికి. గోరంత ముక్క లోపల ఉండిపోయినా నీళ్లతో కొట్టుకుపోయి థర్మోస్టాట్ తలుపులో ఇరుక్కోవచ్చు, లేదా హీటర్ సన్న గొట్టాల్లో అడ్డుపడొచ్చు. కింది డ్రెయిన్ ప్లగ్గు తల విరిగి మర బిగుసుకుపోతే, స్క్రూడ్రైవర్ మొన వేడిచేసి ప్లాస్టిక్‌లోకి దించి గాడి పెడతాడు. చల్లారాక మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. ఇత్తడి వైపు మంట అతకడానికి, ఇక్కడ అదే మంట విప్పడానికి. ట్యాంకు మార్చడమూ అంతే. ప్లాస్టిక్‌ను అల్యూమినియానికి అతకరు. రబ్బరు గ్యాస్కెట్ మీద కూర్చోబెట్టి అంచు పళ్లు మడుస్తారు. ఆ పళ్లను ఒక్కొక్కటే తెరిచి, మళ్లీ మూయాలి. ఎన్నిసార్లైనా వంగే ఓపిక వాటికి లేదు.

ఇక నీళ్లు. దీని దగ్గర మాత్రం ఇత్తడి ఉస్తాద్‌దీ, ప్లాస్టిక్ ఉస్తాద్‌దీ ఒకే మాట. మన బోరు నీళ్లు ఇత్తడి గొట్టాల్లో తెల్లటి పాచి కట్టిస్తాయి, అల్యూమినియాన్ని తినేస్తాయి. కూలెంట్ డబ్బు మిగుల్చుకుని బకెట్టు నీళ్లు పోసినవాడే చివరికి వస్తువును తిడతాడు. పరీక్ష కూడా ఇద్దరిదీ ఒకటే: మూతులు మూసి, గాలి ఎక్కించి, సైకిల్ పంక్చర్ చూసినట్టు తొట్టిలో ముంచడం.

నా కారు మోడల్ ట్యాంకు విడిగా పుత్లీబౌలీ విడిభాగాల దుకాణాల్లో దొరకలేదు. రేడియేటర్ మొత్తం వచ్చేదాకా ఆగలేనన్నాను. ఎం-సీల్ రుద్ది పంపిస్తే వారం కూడా నిలవదని, ఆ జిడ్డు నైలాన్‌కు ఏదీ గట్టిగా పట్టదని ఉస్తాద్ ఒప్పుకోలేదు. విరిగిన చోటును నున్నగా కోసి, లేతు మీద చిన్న ఇత్తడి గొట్టం తీయించి, లోపలి నుంచి అంచు ఆనేలా దూర్చి, చుట్టూ రబ్బరు వాషర్ వేసి నట్టుతో బిగించాడు. జిగురు మీద భారం పెట్టలేదు. ‘ఇది తాత్కాలికమే సార్, కొత్తది ఆర్డర్ పెట్టండి’ అని రెండుసార్లు చెప్పాడు.

ఆర్డర్ పెట్టాను. అది వచ్చేలోగా రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆ నల్లటి ట్యాంకుకున్న ఇత్తడి మూతి చుట్టూ పచ్చటి మరకేమైనా కనబడుతుందా అని చూస్తున్నాను.