ఒక్కసారికి ఒక్కటే మార్చాలి

అసలు ఆన్ కాని కంప్యూటర్‌ను బాగుచేయడం కొంత తేలిక. కరెంటు ఎంతవరకు వస్తోందో చూసుకుంటూ పోతే లోపం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. గంటసేపు చక్కగా పనిచేసి, ఉన్నట్టుండి హ్యాంగ్ అయి, రీస్టార్ట్ చేయగానే ఏమీ ఎరగనట్టు లేచేదే మెకానిక్‌కు అసలు పరీక్ష. మౌస్ కదలదు, తెర మీద గడియారం ఆగిపోతుంది. ఏం జరిగిందో రాసుకునే వ్యవధి కూడా సిస్టమ్‌కు ఉండదు. తర్వాత విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే చాలాసార్లు కెర్నల్ పవర్ 41 అన్న నమోదు ఒక్కటే కనిపిస్తుంది. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెప్పడం తప్ప దానితో ఉపయోగం లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు వంటి చోట్ల రిపేరు బల్లల దగ్గర ఈ జబ్బును పట్టుకునే విద్య ఒకటి నిలిచి ఉంది. ఎక్కువమంది దాన్ని సీనియర్ల పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్నారు. దాని మూలసూత్రం చిన్నదే: ఒక్కసారికి ఒక్క భాగమే మార్చాలి, మార్చాక అదే పని మళ్లీ చేయించి చూడాలి. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) రెండూ ఒకేసారి మారిస్తే సిస్టమ్ బాగుపడొచ్చు గానీ, చెడింది ఏదో ఎవరికీ తెలియదు. కస్టమర్ రెండింటికీ డబ్బు కడతాడు.

మంచి మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ప్రశ్నలు వేస్తాడు. ఎప్పుడు ఆగుతోంది? గేమ్ ఆడుతుంటేనా, ఊరికే ఉన్నప్పుడా? కాసేపు ఆగి తనంతట తానే కదులుతోందా? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. కొన్ని సెకన్లు బిగుసుకుని మళ్లీ కదిలితే అనుమానం ముందు హార్డ్ డిస్క్ మీదికి పోతుంది. పాడైన సెక్టార్ నుంచి జవాబు వచ్చేదాకా విండోస్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అప్పుడు ముందుగా చేయాల్సింది పరీక్ష కాదు, ఫొటోలూ ఫైళ్లూ వేరేచోటికి కాపీ చేసుకోవడం. ఆ తర్వాతే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ రీడింగులు చూడాలి. అందులో 5, 197 నంబర్ల విలువలు పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. 199 ఒక్కటే పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడాలి. చవక కేబుల్ కోసం మంచి డిస్క్‌ను పారేసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

కదలకుండా పూర్తిగా ఆగిపోతే నమ్ లాక్ నొక్కి చూస్తారు. లైటు మారుతుంటే లోపల ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా నడుస్తోందని, తెరో ప్రోగ్రామో మాత్రమే ఆగిందని అనుకోవచ్చు. లైటు కూడా స్పందించకపోతే లోతుకు దిగాల్సిందే. ఇక్కడ మొదటి వంతు ర్యామ్‌ది. పిన్నులు తుడిచి, ఒక్క స్టిక్‌నే ఉంచి, స్లాట్లు మారుస్తూ నడిపిస్తారు. క్రిస్ బ్రాడీ 1994లో రాసిన మెమ్‌టెస్ట్86, దాని నుంచి పుట్టిన మెమ్‌టెస్ట్86 ప్లస్ ఈనాటికీ బల్ల మీది నమ్మకమైన సాధనాలే. రాత్రంతా నడిపి ఒక్క ఎర్రర్ కనిపించినా వదిలేయకూడదు. అదే స్టిక్ మరో స్లాట్‌లో శుభ్రంగా నడిస్తే అనుమానం స్లాట్ మీదికి మళ్లుతుంది.

వేడిని జనం మొదట నిందిస్తారు గానీ, నేటి ప్రాసెసర్లు వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటాయి, మరీ మీరితే ఆఫ్ అవుతాయి. దుమ్ము ఊదడం, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చడం మంచివే. అంతటితో నిర్ధారణ అయిపోయినట్టు కాదు. ఎస్‌ఎంపీఎస్ ఇంతకంటే మాయదారిది. 12 వోల్టుల లైను 11.4, 12.6 మధ్య ఉండాలి. మల్టీమీటర్ 12.1 చూపించవచ్చు; గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు సెకనులో వెయ్యో వంతు సేపు వోల్టేజ్ పడిపోయేది ఆ మీటర్‌కు అందదు. అందుకే బాగున్నదని తెలిసిన మరో ఎస్‌ఎంపీఎస్ పెట్టి నడిపించి చూస్తారు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ నిలిచి ఉంటుంది.

ఇక మదర్‌బోర్డు సంగతి. 2000ల తొలి సంవత్సరాల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల లెక్కలేనన్ని మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బాయి. తల గుండ్రంగా లేచిన కెపాసిటర్‌ను కంటితోనే గుర్తుపట్టి, అదే కెపాసిటీ, సరిపడే వోల్టేజ్ ఉన్నది తెచ్చి, ప్లస్ మైనస్ చూసుకుని సోల్డరింగ్ చేసినవాళ్లు ఎన్నో బోర్డులను చెత్తకుప్ప పాలు కాకుండా కాపాడారు.

ప్రాసెసర్‌ను అందరికంటే చివర అనుమానించడం బల్ల దగ్గర ఆనవాయితీ. అది అరుదుగా చెడుతుంది. అయితే ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతూ క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఆ సంస్థే ఒప్పుకుంది. బయోస్ ద్వారా సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ సవరణ బాగుచేయలేదు. ఆనవాయితీని నమ్మి ప్రాసెసర్ దాకా రాకుండా ఆగినవాళ్లకు ఈ లోపం దొరకదు. ఒక్కొక్కటే మారుస్తూ చివరిదాకా వెళ్లినవాళ్లకే దొరుకుతుంది. ఈ పద్ధతి గొప్పతనమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఈ పద్ధతికి పెద్ద శత్రువు "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అనే తొందర. హార్డ్‌వేర్ లోపానికి విండోస్ మళ్లీ వేయడం మందు కాదు, పైగా డేటా పోయే ప్రమాదం. రెండో ముప్పు తయారీలో ఉంది. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది. తీసి వేరేది పెట్టి చూసే వీలే లేనప్పుడు ఈ విద్య అభ్యాసానికి మిగిలేది డెస్క్‌టాప్ ఒక్కటే. వస్తువులను బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మంచివే. కానీ విప్పి చూడగల చేతులు లేకపోతే అవి కాగితం మీదే ఉంటాయి.

కాబట్టి మీ సిస్టమ్ హ్యాంగ్ అవుతుంటే ఏ రోజు, ఏ పని చేస్తుండగా ఆగిందో ఒక కాగితం మీద రాసి దుకాణానికి తీసుకెళ్లండి. ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు కారణం అడగండి. ఏదైనా మారిస్తే పాత భాగాన్ని వెనక్కి తీసుకోండి. రెండు రోజులు పరీక్షించి "ఏమీ మార్చనక్కర్లేదు, కేబుల్ వదులైంది" అని చెప్పిన మెకానిక్‌కు ఆ రెండు రోజుల కూలి బేరమాడకుండా ఇవ్వండి.