ఉద్యోగ లక్షణాల నమూనా ఆశా కార్యకర్త పనికి సరిపోతుందా?

గత భాగంలో మీరు హాక్‌మన్, ఓల్డ్‌హామ్‌ల ఉద్యోగ లక్షణాల నమూనాను చదివారు. నైపుణ్య వైవిధ్యం, పని సమగ్రత, పని ప్రాముఖ్యం, స్వయంప్రతిపత్తి, ప్రతిపుష్టి అనే ఐదు లక్షణాలు ఎక్కువగా ఉన్న పనిలో తృప్తి, ఉత్సాహం పెరుగుతాయన్నది దాని సారాంశం. 1976లో వెలువడిన అధ్యయనంలో వారు దీనిని ఏడు సంస్థల్లోని 658 మంది ఉద్యోగులపై పరీక్షించారు. వారు ఉద్యోగులు. ఆశా కార్యకర్తను మన ప్రభుత్వం ఉద్యోగి అనదు. నా అభ్యంతరం అక్కడ మొదలవుతుంది.

నిజామాబాద్ జిల్లా నందిపేట్ మండలంలో ఒక ఆశా కార్యకర్త పనిని ఊహించండి. గర్భిణుల నమోదు, టీకాలు, క్షయ రోగులకు మందులు, సర్వేలు ఇలా నైపుణ్య వైవిధ్యానికి లోటు లేదు. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో పగలు ఇళ్లకు తాళాలుంటాయి. తెల్లవారకముందో, పొద్దుగూకాకనో వెళ్లాలి. వేళ ఆమే ఎంచుకుంటుంది కాబట్టి ప్రశ్నావళిలో స్వయంప్రతిపత్తికి మంచి మార్కులే పడతాయి. నిజానికి ఆ వేళను నిర్ణయించింది పంట.

పని సమగ్రత సంగతి ఇంకా చిత్రం. శిశువు పుట్టాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి చూసినందుకు ఆశాకు 250 రూపాయల ప్రోత్సాహకం నిర్ణయించారు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో కదా! నమోదు నాటి నుంచి కనిపెట్టుకొని ఉన్న గర్భిణి గోదావరి అవతల నిర్మల్ వైపు పుట్టింటికి వెళ్లిపోతే, ఆ సందర్శనలు అక్కడి ఆశా చేస్తుంది. బిడ్డను ఈమె చూడదు, ప్రోత్సాహకమూ రాదు. నమూనా దీన్ని సమగ్రతా లోపంగా నమోదు చేసి ఊరుకుంటుంది.

జీతం, భద్రతలను ఆ రచయితలు పూర్తిగా మరిచారనడం న్యాయం కాదు. 1980 నాటి పుస్తకంలో వాటిని చేర్చారు, కానీ ఐదు లక్షణాల ప్రభావాన్ని పెంచే, తగ్గించే అంశాలుగానే. 1996లో సీగ్రిస్ట్ ప్రతిపాదించిన శ్రమ-ప్రతిఫల అసమతుల్యత సిద్ధాంతం ఇక్కడ మేలు. డబ్బు, గౌరవం, ఉద్యోగ భద్రత మూడూ అందులో ప్రతిఫలాలే.

2005లో పథకం మొదలైనప్పుడు ఆశాను స్వచ్ఛంద కార్యకర్త అన్నారు. 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలను పురస్కారంతో గౌరవించింది. పని ప్రాముఖ్యానికి ఇంతకంటే నిదర్శనం ఉండదు. మరుసటి ఏడాదే మన ఆశాలు స్థిర వేతనం కోసం మళ్లీ సమ్మెకు దిగారు.

అభ్యాసం కోసం మీరు ఆశాలను కలిసినప్పుడు, ప్రశ్నావళి తెరిచే ముందు పోయిన నెల ప్రోత్సాహకం ఏ తేదీన అందిందో అడగండి.